టెన్షన్ అంటే కార్టిసాల్ ఒక్కటే కాదు, జన్యువులు మారిపోవడం అసలే కాదు

సంపాదకుల వారికి నమస్కారం.

గత ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో ఒత్తిడి మీద వేసిన వ్యాసం చదివాను. పేజీకి పేజీ కేటాయించారు, సంతోషమే. కానీ మొదటి లైను నుంచి ఆఖరి లైను దాకా కార్టిసాల్ అనే హార్మోన్ తప్ప ఇంకో పేరు లేదు. పైగా కింద బాక్సు కట్టి, రోజూ టెన్షన్ పడేవాళ్లకి జన్యువులే మారిపోతాయనీ, ఆ మార్పు పుట్టబోయే పిల్లలకీ వస్తుందనీ పెద్దక్షరాల్లో వేశారు. దాని పక్కనే 'ఒత్తిడి జన్యువుల' పరీక్ష చేస్తామని ఒక ల్యాబ్ ప్రకటన. రెండూ పక్కపక్కన పడటం కాకతాళీయమే అనుకుంటాను. నేను జువాలజీ చెప్పి రిటైరైన దాన్ని, బైపీసీ పిల్లలకు నాడీ వ్యవస్థ పాఠం చెబుతూనే ఉద్యోగమంతా గడిపాను కాబట్టి ఊరుకోలేక ఇది రాస్తున్నాను. పొడుగైతే కత్తిరించుకోండి, జన్యువుల సంగతి మాత్రం ఉంచండి.

ముందు కార్టిసాల్ గొడవ తేలుద్దాం. రాత్రి కరెంటు పోయి మెట్ల మీద కాలు జారబోయినప్పుడు గుండె దడదడలాడుతుంది చూడండి, అది కార్టిసాల్ పని కాదు. కార్టిసాల్ రావాలంటే మెదడులోని హైపోథాలమస్ అనే భాగం నుంచి దాని కిందుండే పిట్యూటరీ గ్రంథికి, అక్కణ్నుంచి రక్తంలో కిడ్నీల పైనున్న అడ్రినల్ గ్రంథులకు కబురు వెళ్లాలి, అక్కడ అది తయారవ్వాలి, రక్తంలో బాగా పెరిగేసరికి 20, 30 నిమిషాలు పడుతుంది. ఈలోపు మీరు గోడ పట్టుకుని నిలదొక్కుకోవడం, కరెంటాఫీసు వాళ్లని తిట్టుకోవడం, కొవ్వొత్తి వెలిగించుకోవడం అన్నీ అయిపోతాయి. ఆ మొదటి క్షణాల్లో పరుగెత్తేది నోరాడ్రినలిన్, అడ్రినలిన్ అనే రసాయనాలు. అందులో నోరాడ్రినలిన్ రెండు చోట్ల పని చేస్తుంది: ఒంట్లో సింపథెటిక్ నరాల (ఆపదలో ఒంటిని ఉన్నపళంగా సిద్ధం చేసే నరాలు) చివర్లలో, విడిగా మెదడు లోపల. నేను రాయాలనుకున్నది ఈ రెండోదాని గురించే, ఎందుకంటే మన పేపర్లలో దాని ఊసే ఎక్కడా కనిపించదు.

మెదడు కాండంలో పాన్స్ అనే భాగం ఉంది, అందులో కుడి ఎడమల చెరో చిన్న మచ్చ, పేరు లోకస్ సెరూలియస్. ఫ్రాన్స్‌లో విక్ దజీర్ అనే ఆయన 18వ శతాబ్దం చివర్లోనే దాన్ని చూశాడు. అయితే అక్కడి కణాల్లో ఉన్నది నోరాడ్రినలిన్ అని సరిగ్గా పటం గీసినట్టు తేలింది మాత్రం 1964లో, స్వీడన్‌లో డాల్‌స్ట్రామ్, ఫుక్సే అనే ఇద్దరు ఎలుక మెదడు ముక్కలకు ఫార్మాల్డిహైడ్ ఆవిరి పట్టించి, మైక్రోస్కోప్ కింద ఆ కణాలు మెరిసేలా చేసి చూపించినప్పుడు. మనిషి మెదడు మొత్తం మీద నాడీకణాలు దాదాపు 8,600 కోట్లు ఉంటే ఇక్కడున్నవి పదుల వేలల్లోనే, ఎలుకలో అయితే రెండు పక్కలా కలిపి 3 వేలకు అటూ ఇటూ. అంత చిన్న గుంపు నుంచి బయల్దేరిన పోగులు మాత్రం కొమ్మలు కొమ్మలుగా చీలుతూ మెదడు పైపొర దాకా, జ్ఞాపకాల పని చూసే హిప్పోకాంపస్ దాకా, చిన్నమెదడు దాకా, కిందికి వెన్నుపాము దాకా వెళ్తాయి. ఏదైనా ఉలికిపాటు కలిగిందంటే మెదడంతటికీ ఒకేసారి తెలిసేది దీని వల్లే. దీన్ని వదిలేసి ఒత్తిడి మీద పేజీ నింపడం ఎలా కుదిరిందో నాకు అర్థం కాలేదు.

ఇక జన్యువులు. ఒంట్లో ఏ కణంలోనైనా డీఎన్‌ఏ దాదాపు ఒకటే, కానీ ప్రతి కణమూ తన దగ్గరున్న జన్యువులన్నిటినీ ఒకేసారి వాడదు. అవసరమైన జన్యువు నుంచి ఎంఆర్‌ఎన్‌ఏ అనే నకలు తీసుకుంటుంది (కొవిడ్ టీకాల పుణ్యమా అని ఈ పేరు ఇప్పుడు అందరికీ తెలుసు), ఆ నకలు చూసి ప్రొటీన్ తయారు చేస్తుంది. టెన్షన్ వచ్చినప్పుడు మారేది ఈ నకళ్ల సంఖ్య. మా డెల్టా వాళ్ల భాషలో చెప్పాలంటే కాలవ అదే, గట్లు అవే, తూము కాస్త ఎత్తారా దించారా అన్నదే తేడా. మీ బాక్సు చదివినవాళ్లకి మాత్రం కాలవే పూడిపోయి ఇంకో దారిన తవ్వుకుందేమో అనిపిస్తుంది.

ఈ తూములు ఎత్తడంలో నోరాడ్రినలిన్ వాటా ఎంత అన్నది ఊహ కాదు, దాని మీద గట్టి ప్రయోగాలు ఉన్నాయి. నాకు బాగా నచ్చింది 1996లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. సిరెల్లి, పొంపెయానో, టొనోని అనే ఇటలీ శాస్త్రవేత్తలు ఎలుకల్లో ఒక్క పక్కనే లోకస్ సెరూలియస్‌ను మందుతో దెబ్బతీశారు, రెండో పక్క అలాగే ఉంచారు. ఎలుక హాయిగా మేలుకుని తిరుగుతోంది, మెదడు విద్యుత్తును కొలిచే ఈఈజీలో కూడా మెలకువే కనిపిస్తోంది, కానీ మెలకువలో చురుగ్గా ఉండాల్సిన సి-ఫాస్ లాంటి జన్యువులు దెబ్బతిన్న పక్కన మాత్రం నిద్రలో ఉన్నంత స్థాయికి పడిపోయాయి. అదే తల, అదే క్షణం, ఒక సగం మెదడులో జన్యువులు చురుగ్గా, రెండో సగంలో మందంగా! ఇంతకంటే తేటగా ఎవరు చూపించగలరు?

ఒత్తిడి విషయానికొస్తే ఈ మధ్య జ్యూరిక్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయంలో యోహానెస్ బొహాచెక్ బృందం చేసిన పని చూడాలి. చిట్టెలుకలను కొద్ది నిమిషాలు చల్లటి నీళ్లలో ఈదిస్తారు, వాటికి అది పెద్ద టెన్షన్, ఆ తర్వాత హిప్పోకాంపస్ తీసి అందులో ఏ జన్యువుల నకళ్లు పెరిగాయో తగ్గాయో లెక్కపెడతారు. కొన్నిటికి ముందుగానే ప్రొప్రనోలాల్ ఇచ్చారు. అదేమీ వింత మందు కాదు, మన దగ్గర గుండె దడకీ, చేతుల వణుకుకీ, తలనొప్పికీ డాక్టర్లు రాసే బీటా బ్లాకర్ మాత్రే, నోరాడ్రినలిన్ వచ్చి కూర్చోవాల్సిన బీటా రిసెప్టర్ల (కణాలు కబురు అందుకునే చోట్లు) దగ్గర అడ్డం కూర్చుంటుంది. అది ఇచ్చిన చిట్టెలుకల్లో, ఒత్తిడితో మారాల్సిన జన్యువుల్లో చాలా వాటికి ఆ మార్పు రాలేదు. ఇంకో వైపు నుంచి కూడా చూశారు: ఏ ఒత్తిడీ పెట్టకుండా, వెలుతురుతో కణాలను మేల్కొలిపే పద్ధతిలో లోకస్ సెరూలియస్‌ను మాత్రమే ఉత్తేజపరిచారు. అప్పుడు ఆ జన్యువుల్లో కొన్ని, అన్నీ కాదు, ఒత్తిడి పడ్డప్పటిలాగే లేచాయి. ఈ ఫలితాలు 2024లో వచ్చాయి.

ఇందులో నన్ను ఆశ్చర్యపరిచింది ఇంకొకటి. ఆ లేచిన జన్యువుల్లో ముఖ్యమైనవి నాడీకణాలవి కావు, వాటి మధ్య నక్షత్రాల ఆకారంలో ఉండే ఆస్ట్రోసైట్లవి. మేం పాఠం చెప్పే రోజుల్లో వీటిని నాడీకణాలకు ఊతమిచ్చే కణాలని ఒక్క లైనులో చెప్పి వదిలేసేవాళ్లం, పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నకి కూడా అవి పనికొచ్చేవి కావు. ఇప్పుడు చూస్తే నోరాడ్రినలిన్ కబురు అందుకునేవాళ్లలో ముందు వరసలో ఇవే ఉన్నాయి. వీటిలో లేచిన ఒక జన్యువు పేరు డయో2. ఇది తయారు చేసే ఎంజైమ్ థైరాయిడ్ హార్మోన్ టీ4ను, చురుకైన రూపమైన టీ3గా మారుస్తుంది. మరికొన్ని ఆస్ట్రోసైట్లలో దాచుకునే గ్లైకోజన్ లెక్క చూసేవి, అంటే అక్కడి చక్కెర నిల్వలన్న మాట. కాబట్టి అదాటుగా కష్టం వచ్చినప్పుడు మెదడు తన ఇంధనం సంగతి తనే సర్దుకుంటోందని అనుకోవచ్చు. (ఇది చదివి టెన్షన్ వల్ల థైరాయిడ్ వస్తుందని రేపు ఇంకో బాక్సు కట్టకండి, నేను చెప్పేది అది కాదు.)

అదే బృందం 2022లో వేసిన ఇంకో పత్రంలో, ఆ కొద్ది నిమిషాల ఈత తర్వాత హిప్పోకాంపస్‌లో జరిగిన ఈ మార్పులు నాలుగు గంటల్లోపు సద్దుమణిగిపోయాయని చూపించారు. మీ బాక్సుకి అసలు జవాబు ఇదే. ఒక్కసారి వచ్చిన ఒత్తిడికి జన్యువులు స్పందిస్తాయి, పని అయిపోగానే తిరిగి సర్దుకుంటాయి, అలా స్పందించడం రోగం కాదు, బతికున్న మెదడు చేయాల్సిన పని. స్పందించకపోతేనే భయపడాలి.

మరి రోజూ పడే ఒత్తిడి మాటేమిటని అడుగుతారు. అడగాలి కూడా, అసలు కథ అక్కడే ఉంది, అందులో మన దేశం పేరు కూడా వస్తుంది. సర్పగంధ మొక్క మనకు కొత్త కాదు. బొంబాయిలో రుస్తుం జల్ వకీల్ అనే గుండె డాక్టరు దాంతో బీపీ తగ్గుతుందని 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో రాశాక ప్రపంచం అటు చూసింది, 1952లో దాని నుంచి రిసెర్పిన్ అనే మందును విడదీశారు. రిసెర్పిన్ చేసే పని నరాల చివర్లలో దాచి ఉంచిన నోరాడ్రినలిన్‌ను ఖాళీ చేయించడం. 1969లో అమెరికాలో జూలియస్ ఆక్సెల్‌రాడ్ ల్యాబులో తోనెన్, ముల్లర్ అనే ఇద్దరు ఎలుకలకు ఈ మందిచ్చి చూస్తే, నిల్వలు ఖాళీ అయ్యేసరికి శరీరం చేతులు ముడుచుకుని కూర్చోలేదు, నోరాడ్రినలిన్ తయారీలో మొదటి మెట్టు మీదుండే టైరోసిన్ హైడ్రాక్సిలేస్ అనే ఎంజైమ్‌ను పెంచుకుంది. అడ్రినల్ గ్రంథికి వెళ్లే నరాన్ని తెంచేస్తే ఆ పెంపు ఆగిపోయింది. అంటే నరం నుంచి వచ్చే కబురే కణం లోపల తయారీని పెంచుతోంది. నోరాడ్రినలిన్ లాంటి నాడీ రసాయనాలు ఎలా నిల్వ ఉంటాయో, ఎలా విడుదలవుతాయో, ఎలా ఆగుతాయో తేల్చినందుకు ఆక్సెల్‌రాడ్‌కి ఆ మరుసటి ఏడు, 1970లో, నోబెల్ వచ్చింది.

మందు లేకుండా ఒట్టి ఒత్తిడితో కూడా అదే జరుగుతుందని స్లొవేకియాలోని బ్రాటిస్లావాకు చెందిన క్వెట్‌న్యాన్‌స్కీ చూపించారు. ఎలుకను కదలనీయకుండా కట్టి ఉంచడం ఆయన పద్ధతి, చదవడానికే ఇబ్బందిగా ఉంటుంది, కానీ ఆ పని వల్లే చాలా తెలిసింది. తర్వాత న్యూయార్క్ మెడికల్ కాలేజీలో ఎస్తర్ సబ్బాన్ బృందం వాళ్లు, లోకస్ సెరూలియస్ కణాల్లోనే టైరోసిన్ హైడ్రాక్సిలేస్, అదే తయారీలో పనిచేసే ఇంకో ఎంజైమ్ డోపమిన్ బీటా హైడ్రాక్సిలేస్ జన్యువుల నుంచి నకళ్లు తీయడం ఒత్తిడితో పెరుగుతుందని కూడా చూపించారు. మామూలు మాటల్లో: ఒత్తిడి నోరాడ్రినలిన్‌ను ఖర్చు పెట్టిస్తుంది, ఖర్చు పదేపదే జరుగుతుంటే కణం తయారీని పెంచుకుంటుంది, ఇకనుంచి ఇంతే అవసరం పడుతుందేమోనని ముందే సిద్ధమైపోతుంది. ఈ సిద్ధం కావడం మంచిదా చెడ్డదా అంటే రెండూను. 1991లో నిసెన్‌బామ్, జిగ్మండ్ వాళ్లు వారాల తరబడి చలిలో ఉంచిన ఎలుకలను తీసుకుని వాటికి ఎన్నడూ ఎరగని ఇంకో రకం బాధ పెట్టి చూశారు. అవి మామూలు ఎలుకల కంటే ఎక్కువ నోరాడ్రినలిన్‌ను హిప్పోకాంపస్‌లో వదిలాయి. చలికి అలవాటు పడ్డ మెదడు కొత్త దెబ్బకి మాత్రం ఇంకా ఎక్కువ ఎగిరిపడింది.

ఎలుకల ఫలితం తీసుకొచ్చి యథాతథంగా మన పిల్లల మీద రుద్దకూడదని నాకు తెలుసు. అయినా ఏళ్ల తరబడి ఇంటర్ పిల్లలను దగ్గర నుంచి చూసిన దాన్ని కాబట్టి ఇది చదివితే నాకు గుర్తొచ్చేది మార్చి నెల పబ్లిక్ పరీక్ష కాదు. పరీక్ష రోజు టెన్షన్ ఎవరికైనా ఉంటుంది, పేపరు రాసి బయటికొచ్చాక పోతుంది. నాకు భయం కలిగించేది ఏడాది పొడుగునా వారం వారం పెట్టే టెస్టులు, మార్కులు గోడకి అంటించడం, ర్యాంకు తగ్గితే సెక్షన్ మార్చడం, రాత్రి పది దాటినా స్టడీ అవర్. మీ పేపర్లో పరీక్షలప్పుడు 'టెన్షన్ వద్దు' అని వేసే వ్యాసాలన్నీ ఆ ఒక్క రోజు గురించే, మిగతా ఏడాది గురించి ఎవరూ రాయరు. రాయకపోవడానికి మొదటి పేజీ ర్యాంకుల ప్రకటనలు కారణమని అనను, మీరే ఆలోచించుకోండి.

తలనెరుపు గురించి కూడా వ్యాసంలో ఒక ముక్క ఉంది, ఒత్తిడి, కార్టిసాల్, తెల్ల వెంట్రుక అని. 2020లో హార్వర్డ్‌లో యా-చియె షు బృందం చిట్టెలుకల్లో సరిగ్గా ఇదే పరీక్షించింది. వాళ్లకీ మొదట కార్టిసాల్ లాంటి హార్మోన్ మీదే అనుమానం, కానీ అడ్రినల్ గ్రంథులు తీసేసినా బొచ్చు తెల్లబడింది. చివరికి దొరికింది వెంట్రుక కుదురు దగ్గరికి వెళ్లే సింపథెటిక్ నరం, అది వదిలే నోరాడ్రినలిన్. రంగునిచ్చే మూలకణాలు ఆ దెబ్బకి ఒక్కసారిగా లేచి పని మొదలుపెట్టి అయిపోతాయి, నిల్వ మిగలదు. ఇది మెదడులోది కాదు, ఒంటి నరాలది, అయినా కార్టిసాల్ ఒక్కదాని మీద నేరం మోపకూడదనడానికి చాలు.

పిల్లలకి వస్తుందన్న మాటకి వస్తాను. తండ్రి చిట్టెలుక చిన్నతనంలో పడ్డ బాధ ప్రభావం దాని వీర్యంలోని ఆర్‌ఎన్‌ఏ ద్వారా పిల్లలకి కొంత చేరుతుందని 2014లో జ్యూరిక్‌లోనే ఇజబెల్ మన్సుయ్ బృందం రాసింది. అక్కడ కూడా జన్యువుల్లోని అక్షరాలు మారలేదు. చిట్టెలుకల్లో కనిపించిన దాన్ని పట్టుకుని, ఆఫీసులో పని ఎక్కువై సతమతమవుతున్న ఒక గర్భిణికి 'నీ టెన్షన్ నీ బిడ్డకి అంటుకుంటుంది' అని చెబితే ఏమవుతుందో ఊహించండి. ఆ బాక్సు చదివి మా పక్కింటి అమ్మాయి కంగారుగా నా దగ్గరికే వచ్చింది, అందుకే ఇంత గట్టిగా రాస్తున్నాను. దానికి సవరణ వేయండి, ఏ మూలో కాదు, అదే పేజీలో అంతే సైజులో.

ల్యాబుల వాళ్ల పరీక్ష సంగతి. నోరాడ్రినలిన్ వ్యవస్థలో మనిషికీ మనిషికీ పుట్టుకతో తేడాలున్న మాట నిజమే. ఏడీఆర్‌ఏ2బీ అనే రిసెప్టర్ జన్యువులో ఒక చిన్న ముక్క లోపించినవాళ్లకి మనసును కదిలించిన సంఘటనలు ఎక్కువ గుర్తుంటాయనీ, రువాండా మారణకాండ నుంచి బయటపడినవాళ్లలో ఈ తేడా ఉన్నవాళ్లకి ఆ దృశ్యాలు ఎక్కువగా మళ్లీ మళ్లీ కళ్ల ముందుకొస్తాయనీ 2007లో డి కెర్వాన్ బృందం చెప్పింది. అది గుంపుల మధ్య సగటు తేడా. ఒక మనిషి నోట్లోంచి ఉమ్మి తీసుకుని, నువ్వు ఒత్తిడిని తట్టుకుంటావు, నువ్వు తట్టుకోలేవు అని చీటీ రాసి ఇవ్వడానికి అది పనికిరాదు. పైగా పుట్టుకతో వచ్చిన అక్షరాలను చదివే పరీక్ష, ఈ రోజు మీ హిప్పోకాంపస్‌లో ఏ జన్యువు ఎంత పని చేస్తోందో ఎలా చెబుతుంది? అది తెలియాలంటే మెదడు ముక్క కావాలి. ఇంత మాత్రం ప్రకటనల విభాగం వాళ్లకి ఎవరైనా చెప్పండి.

ఇంకొక్క విషయం రాసి ఆపేస్తాను. ప్రొప్రనోలాల్ పేరు ఎత్తాను కాబట్టి ఇది చెప్పక తప్పదు. 1994లో కాహిల్, మెక్‌గా అనేవాళ్లు కొందరికి ఈ మాత్ర 40 మిల్లీగ్రాములు ఇచ్చి, ఒక పిల్లవాడికి యాక్సిడెంట్ అయిన కథ బొమ్మలతో చూపించారు. వారం తర్వాత అడిగితే, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకి యాక్సిడెంట్ ఘట్టం బాగా గుర్తుంది, ప్రొప్రనోలాల్ వేసుకున్నవాళ్లకి అది మిగతా కథ కంటే ఎక్కువేమీ గుర్తు లేదు. ఏ గొడవా లేని మామూలు కథ అయితే ఇద్దరికీ ఒకేలా గుర్తుంది. ఇప్పుడు ఇంటర్వ్యూలకీ, స్టేజీ ఎక్కే ముందూ కొందరు ఈ మాత్ర స్నేహితులు చెప్పారని మెడికల్ షాపులో కొనుక్కుని వేసేసుకుంటున్నారు, మా పాత విద్యార్థులే నాతో చెప్పారు. ఉబ్బసం ఉన్నవాళ్లకి ఇది ఊపిరి గొట్టాలను బిగించి ప్రాణం మీదికి తెస్తుంది, గుండె మరీ నెమ్మదిగా కొట్టుకునేవాళ్లకీ మంచిది కాదు, రోజూ వాడేవాళ్లు హఠాత్తుగా మానేసినా ప్రమాదమే. మీ డాక్టర్ల సలహాల శీర్షికలో దీని మీద ఒక ప్రశ్న జవాబు వేయించండి, పరీక్షలు మొదలయ్యేలోపే వేస్తే మేలు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
జువాలజీ రిటైర్డ్ లెక్చరర్, తెనాలి